ఒకే మాత్ర, నాలుగు జ్వరాలు: యాంటీబయాటిక్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాక తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జ్వరాల కాలం మొదలవుతుంది. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "జ్వరం తగ్గడం లేదు, మంచి యాంటీబయాటిక్ ఒకటి ఇవ్వండి." తరచుగా చేతికి వచ్చేది అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు మూడు ఉన్న చిన్న స్ట్రిప్పు.

తిరుపతిలోని కొర్లగుంటలో ఒకే వీధిలోని నాలుగు ఇళ్లకు ఆ స్ట్రిప్పు వెళ్లిందనుకుందాం. మొదటి ఇంట్లో కుర్రవాడికి వచ్చింది డెంగీ. రెండో ఇంట్లో టైఫాయిడ్. మూడో ఇంట్లో, శేషాచలం అడవి అంచున మేకలు మేపే పెద్దాయనకు స్క్రబ్ టైఫస్, అంటే పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం. నాలుగో ఇంట్లో ఒక గృహిణికి మూత్రనాళంలో ఇన్ఫెక్షన్. నలుగురికీ జ్వరం 102 డిగ్రీలే. నలుగురూ వేసుకున్నది ఒకే మాత్ర.

డెంగీ వైరస్‌ను ఆ మాత్ర ఏమీ చేయలేదు. కానీ డెంగీ జ్వరం సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో తనంతట తానే దిగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు "మాత్ర భలే పనిచేసింది" అనుకుంటారు. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే ప్రమాదకరమైన దశ మొదలయ్యేది సరిగ్గా జ్వరం దిగే రోజుల్లోనే. టైఫాయిడ్ ఇంట్లో దీనికి పూర్తిగా తలకిందులు. అజిత్రోమైసిన్ టైఫాయిడ్‌కు సరైన మందుల్లో ఒకటి, కానీ సరైన మందు పడినా ఆ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మందు కూడా సుమారు వారం పాటు వాడాలి. మూడు మాత్రలు అయిపోయేసరికి జ్వరం అలాగే ఉంటుంది, "ఇది పనిచేయలేదు" అని మరో మందుకు మారిపోతారు. స్క్రబ్ టైఫస్ మీద కూడా ఆ మాత్ర పనిచేస్తుంది, జబ్బు ముదరకపోతే మూడో ఇంట్లో పెద్దాయన రెండు రోజుల్లో లేచి కూర్చోవచ్చు. నాలుగో ఇంట్లో ఆ మాత్ర దాదాపు వృథా, ఎందుకంటే అజిత్రోమైసిన్ ఎక్కువగా పిత్తం ద్వారా బయటికి పోతుంది, మూత్రంలోకి చేరేది తక్కువ.

అంటే పనిచేయని చోట మెప్పు వచ్చింది, పనిచేస్తున్న చోట నింద పడింది. యాంటీబయాటిక్‌ల గురించి మన ఇళ్లలో ఉన్న గందరగోళంలో సగం ఇక్కడిదే: జ్వరం దిగడాన్ని బట్టి మందుకు మార్కులు వేస్తాం. యాంటీబయాటిక్ పని జ్వరం దించడం కాదు. ఆ పని పారాసెటమాల్‌ది.

బ్యాక్టీరియాలో దెబ్బ తగిలే నాలుగు చోట్లు

బ్యాక్టీరియాను చంపే, లేదా దాని ఎదుగుదలను ఆపే మందులే యాంటీబయాటిక్‌లు. ఎదుగుదలను ఆపే రకం అయితే మిగిలిన పనిని మన రోగనిరోధక వ్యవస్థే పూర్తి చేసుకుంటుంది. బ్యాక్టీరియా ఒంటి కణపు జీవి. తనకు కావలసిన శక్తి, తన ప్రోటీన్లు, తన సంతానం అన్నీ తానే తయారు చేసుకుంటుంది. వైరస్‌కు అలాంటి సరంజామా ఏదీ లేదు. మన కణాల్లో దూరి మన యంత్రాంగంతోనే తన పని చేయించుకుంటుంది. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గన్యాలకు యాంటీబయాటిక్ పనిచేయకపోవడానికి కారణం మాత్రలో బలం చాలకపోవడం కాదు. అది కొట్టాల్సిన వస్తువే వైరస్‌లో లేదు.

బ్యాక్టీరియాలో ఉండి మనలో లేనిదో, మనలో వేరే రూపంలో ఉన్నదో వెతికి దాన్ని దెబ్బకొట్టడమే ఈ మందుల కిటుకు. అలాంటి చోట్లు ముఖ్యంగా నాలుగు.

మొదటిది కణం చుట్టూ ఉండే గట్టి గోడ. మన కణాలకు గోడ ఉండదు, పలుచని పొర మాత్రమే. బ్యాక్టీరియా లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. పైన టైరు లేకుండా గాలి కొట్టిన సైకిల్ ట్యూబు ఏమవుతుందో, గోడ బలహీనపడిన బ్యాక్టీరియా కూడా అదే అవుతుంది. లండన్‌లో 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటపడిన పెన్సిలిన్, మన చంటిపిల్లల సిరప్పుల్లో ఉండే అమాక్సిసిలిన్, టైఫాయిడ్‌కు తరచుగా రాసే సెఫిక్సిమ్, సెలైన్‌తో పాటు ఎక్కించే సెఫ్‌ట్రయాక్సోన్, ఐసీయూల్లో వాడే మెరోపెనెమ్, ఇవన్నీ ఈ గోడను కట్టే ఎంజైములకు అతుక్కుని పని ఆపేస్తాయి.

రెండోది రైబోజోమ్, అంటే ప్రోటీన్లు తయారయ్యే కార్ఖానా. అది మన కణాల్లోనూ ఉంది కానీ నిర్మాణం వేరు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్, అమికాసిన్, లినెజోలిడ్ తలో మూల నుంచి దీన్నే అడ్డుకుంటాయి. వీటిలో డాక్సీసైక్లిన్ వంశానికి మూలపురుషుడైన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. దాన్ని నేలలోని సూక్ష్మజీవి నుంచి తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నేటికీ తిరుపతి చుట్టుపక్కల స్క్రబ్ టైఫస్ నుంచి ప్రాణాలు కాపాడుతున్నది ఈ వంశపు మందే కాబట్టి, ఈ సంగతి పాఠ్యపుస్తకంలో ఒక పేరా దక్కించుకోవాల్సింది.

మూడోది డీఎన్‌ఏ. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటివి బ్యాక్టీరియా తన డీఎన్‌ఏ మెలికలు విప్పుకుని నకలు తీసుకునే ఎంజైమును బిగించేస్తాయి. పంటి చీముకు, అమీబా విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్‌ది మరో దారి: ఆక్సిజన్ లేని చోట బతికే జీవుల్లోకి వెళ్లాకే అది చురుకైన రూపం దాల్చి వాటి డీఎన్‌ఏను తుంచుతుంది. అందుకే బ్యాక్టీరియా కాని అమీబా, జియార్డియాల మీద కూడా పనిచేస్తుంది. నాలుగోది ఫోలిక్ ఆమ్లం. మనం దాన్ని ఆకుకూరలు, పప్పుల నుంచి తీసుకుంటాం. చాలా బ్యాక్టీరియాలు సొంతంగా తయారు చేసుకోవాల్సిందే. ఆ తయారీని కోట్రైమాక్సజోల్ రెండు మెట్ల దగ్గర ఆపుతుంది.

శేషాచలం అంచున ఒక నల్లటి మచ్చ: మందు "పవర్" ఎందుకు లెక్కకు రాదు

"పవర్ ఎక్కువ మాత్ర" అనే మాట అందరం వాడతాం. దాన్ని పరీక్షించడానికి మన ప్రాంతంలో స్క్రబ్ టైఫస్ కంటే మంచి ఉదాహరణ లేదు.

పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని మైట్ పురుగు పిల్ల కుట్టడం వల్ల ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లో చేరుతుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కట్టవచ్చు. చంకలో, గజ్జల్లో, నడుము మడతల్లో ఉండి నొప్పి పెట్టదు కాబట్టి రోగి దాని సంగతి చెప్పడు, వైద్యుడు బట్టలు తొలగించి చూడకపోతే కనిపించదు. అసలు ఆ మచ్చే లేని కేసులూ ఎన్నో. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, తగ్గిన ప్లేట్‌లెట్లు, ఇవన్నీ డెంగీలోనూ ఉంటాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే డెంగీయేనని స్థిరపడిపోతే ఈ జబ్బు చేజారుతుంది. ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష తేల్చగలదు కానీ జబ్బు మొదలైన తొలి రోజుల్లో అదీ తప్పిపోవచ్చు.

ఇప్పుడు చంద్రగిరి వైపు వేరుశనగ చేలో పనిచేసే 45 ఏళ్ల మహిళను ఊహించుకోండి. అయిదు రోజులుగా జ్వరం. వైడాల్ పరీక్ష పాజిటివ్ అని సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. (ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్ల కూడా వైడాల్ పాజిటివ్ చూపగలదు, ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడం మీద వైద్యుల్లోనే చాలాకాలంగా అసంతృప్తి ఉంది.) రోజుకు రెండు ఇంజెక్షన్లు, సెలైన్, ఖర్చు వేలల్లో. మూడు రోజులైనా జ్వరం కదలదు. సెఫ్‌ట్రయాక్సోన్ తక్కువ మందేమీ కాదు. కానీ అది కొట్టేది గోడను. ఓరియెన్షియాకు అలాంటి మామూలు గోడ దాదాపు లేదు. పైగా అది మన కణాల లోపల దాక్కుంటుంది, గోడ మందుల్లో చాలావాటికి ఆ లోపలికి ప్రవేశం అంతంతమాత్రం. డాక్సీసైక్లిన్ కణంలోకి సులువుగా చేరి అక్కడి రైబోజోమ్‌ను పట్టుకుంటుంది. ధర చూస్తే అది మాత్రకు కొన్ని రూపాయలే. చాలామందిలో 48 గంటల్లో జ్వరం దిగిపోతుంది. అంత వేగంగా దిగడాన్నే వైద్యులు "ఇది స్క్రబ్ టైఫసే" అనడానికి ఒక ఆధారంగా చూస్తారు.

తీవ్రమైన కేసుల విషయంలో 2023లో వెలువడిన ఒక పరిశోధన లెక్కను కొంత మార్చింది. మన దేశంలోని ఏడు ఆసుపత్రుల్లో సుమారు 800 మంది రోగుల మీద జరిగిన ఆ అధ్యయనంలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కించినప్పుడు, ఏదో ఒక్కటి ఇచ్చినదానికంటే ఫలితం మెరుగ్గా వచ్చింది. రెండూ రైబోజోమ్‌నే కొట్టినా వేర్వేరు భాగాలను పట్టుకుంటాయి.

గర్భిణులకు అజిత్రోమైసిన్ వైపే మొగ్గుతారు. చిన్నపిల్లల విషయంలో అభిప్రాయం మారుతూ వచ్చింది. పాత టెట్రాసైక్లిన్లు ఎదిగే పళ్లను పసుపు, గోధుమ రంగులోకి మార్చేవి, అందువల్ల ఎనిమిదేళ్ల లోపు వారికి డాక్సీసైక్లిన్ కూడా వద్దనేవారు. కొద్ది రోజుల డాక్సీసైక్లిన్ వల్ల అలాంటి మరకలు పడుతున్నట్టు ఆధారాలు దొరకకపోవడంతో, స్క్రబ్ టైఫస్ లాంటి జబ్బుల్లో ఇప్పుడు పిల్లలకూ ఇస్తున్నారు. పాత మాట విన్న తల్లిదండ్రులు, కొత్త మాట చదివిన వైద్యుడు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు కాదు.

ఒకటి రోజుకు మూడుసార్లు, ఇంకొకటి ఒక్కసారి ఎందుకు

అమాక్సిసిలిన్ ఎనిమిది గంటలకు ఒకసారి, అజిత్రోమైసిన్ రోజుకు ఒక్కసారి. ఈ తేడా మందు రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయంలో ఉంది. అమాక్సిసిలిన్‌కు అది గంట పైచిలుకు. రక్తంలో మందు గరిష్ఠంగా 64 పాళ్లు ఉందనుకుంటే, గంటకు సగం చొప్పున 32, 16, 8, 4, 2 అవుతూ ఆరో గంటకు ఒక్క పాలు మిగులుతుంది. గోడ మందులకు కావలసింది ఒక్కసారి ఎగసిపడే మోతాదు కాదు. బ్యాక్టీరియాను ఆపే కనీస మట్టానికి పైన ఎక్కువ గంటలు ఉండటం. ఉదయం మరచిపోయిన మాత్రను రాత్రి రెండుగా కలిపి మింగితే ఎందుకు సరిపోదో ఈ లెక్క చెబుతుంది. రెట్టింపు మోతాదుతో అదనంగా దక్కేది కేవలం గంట పైచిలుకు కాలమే.

అజిత్రోమైసిన్ సగానికి తగ్గడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది, అదీ కణజాలంలో పేరుకుపోయి. మూడు రోజుల మాత్రలు ఆ తర్వాత కూడా చాలా రోజులు పనిచేస్తాయి. ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉంది: ఆ చివరి రోజుల్లో మందు చంపేంత ఉండదు, బ్యాక్టీరియాకు అలవాటయ్యేంత ఉంటుంది. జెంటామైసిన్, అమికాసిన్‌లది మూడో పద్ధతి. వాటికి గరిష్ఠ మోతాదు ఎంత ఎత్తుకు వెళ్లిందన్నదే ముఖ్యం. అందుకే రోజంతటి మందును ఒకేసారి ఇవ్వడం సాధారణమైంది.

"కోర్సు పూర్తి చేయాలి": ఆరోగ్యవరం నుంచి నేటి వాదన దాకా

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మిషనరీ సంఘాలు అక్కడ క్షయ శానిటోరియం కట్టాయి. మందు లేని రోజుల్లో చల్లని గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇదే వైద్యం. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. రోగులు తేరుకున్నారు, కొన్ని నెలలకు చాలామందిలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందుకు లొంగని క్రిములతో.

ఎందుకో లెక్క కడదాం. ఊపిరితిత్తిలో ఒక క్షయ పుండులో 10 కోట్ల క్రిములు ఉండవచ్చు. ఐసోనియజిడ్ అనే మందుకు పుట్టుకతోనే లొంగని క్రిమి సుమారు 10 లక్షలకు ఒకటి. అంటే మందు మొదలుపెట్టక ముందే ఆ పుండులో 100 మొండి క్రిములు ఉన్నాయి. ఆ ఒక్క మందే ఇస్తే మిగిలినవన్నీ చచ్చి ఆ వందకు ఖాళీ మైదానం దొరుకుతుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు 10 కోట్లకు ఒకటి. రెండింటికీ లొంగని క్రిమి కావాలంటే కోటి కోట్లలో ఒకటి వెతకాలి. అన్ని క్రిములు ఒక మనిషిలో ఉండవు. క్షయకు ఎప్పుడూ కొన్ని మందులు కలిపి ఇవ్వడానికి, నిద్రాణంగా ఉండే క్రిముల కోసం నెలల తరబడి వాడటానికి మూలం ఇదే. 1950ల చివర మద్రాసులో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం ఇంట్లోనే ఉండి మందులు వాడిన క్షయ రోగులు శానిటోరియంలో ఉన్నవారికి దీటుగా కోలుకున్నారని తేల్చింది. కొండగాలి వైద్యం కాలం అక్కడితో ముగిసింది.

క్షయలో పుట్టిన ఈ క్రమశిక్షణ అన్ని ఇన్ఫెక్షన్లకూ వర్తిస్తుందా? ఇక్కడే వైద్యులు రెండుగా చీలుతున్నారు. 1945 నాటి నోబెల్ ప్రసంగంలో ఫ్లెమింగ్, చాలీచాలని పెన్సిలిన్ వాడి స్ట్రెప్టోకాకస్ క్రిములను మొండివాటిగా మార్చి భార్యకు అంటించిన ఒక ఊహాజనిత భర్త కథ చెప్పారు. ఆ హెచ్చరిక ప్రపంచమంతా పాకింది. వింతేమిటంటే గొంతు నొప్పి తెచ్చే ఆ రకం స్ట్రెప్టోకాకస్ ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఒక అడుగు ముందుకేసి వాదించారు: ఎక్కువ రోజులు వాడినకొద్దీ పేగుల్లో, చర్మం మీద ఉండే ఇతర బ్యాక్టీరియాకు మందు ఎక్కువగా తగిలి నిరోధకత పెరుగుతుంది, కాబట్టి "ఎక్కువ రోజులే మంచిది" అనే సూత్రానికి ఆధారం లేదు. తర్వాతి అధ్యయనాలు చాలా న్యుమోనియాలకు అయిదు రోజులు చాలని, మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు కొన్ని మందులైతే మూడు నుంచి అయిదు రోజులు చాలని చూపాయి.

రెండో పక్షం అభ్యంతరం కూడా తేలికైనది కాదు. "కొన్నిసార్లు తక్కువ రోజులు చాలు" అనే మాట జనంలోకి వెళ్లేసరికి "బాగుందనిపిస్తే ఆపేయవచ్చు" అవుతుంది. అదే స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పికి పది రోజుల పెన్సిలిన్ ఇచ్చేది గొంతు కోసం మాత్రమే కాదు. కొందరు పిల్లల్లో తర్వాత గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరాన్ని అడ్డుకోవడానికి. ఎముకలో, గుండె కవాటంలో చేరిన ఇన్ఫెక్షన్‌కు వారాలు పడుతుంది. నాకు కనిపించినంతలో రెండు పక్షాల మధ్య నిజమైన దూరం తక్కువే. జబ్బును బట్టి రోజులు మారతాయని ఇద్దరూ ఒప్పుకుంటారు. తగువల్లా ఆ రోజులను ఎవరు తగ్గించాలన్నదే: రాసిన వైద్యుడా, మింగే రోగా.

"వేడి చేసింది" అనే మాట వెనుక ఉన్నవి

యాంటీబయాటిక్ వేడి చేస్తుందని, మజ్జిగ ఎక్కువ తాగాలని మన ఇళ్లలో అంటారు. వేడి అనే ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. నోరు పూయడం, కడుపులో మంట, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు. వీటి కారణాలు ఒకటి కాదు.

విరేచనాలకు కారణం, మందుకు మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అన్న తేడా తెలియకపోవడమే. పేగుల్లోని కోటానుకోట్ల బ్యాక్టీరియాలో కొన్ని పోయాక జీర్ణక్రియ తడబడుతుంది. చాలామందిలో మందు ఆపగానే సర్దుకుంటుంది. అరుదుగా, ముఖ్యంగా ఆసుపత్రిలో ఉన్న వృద్ధుల్లో, ఖాళీ అయిన ఆ చోటును క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఆక్రమించి పెద్దపేగును పుండు చేస్తుంది. ఇది మందు ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. బ్యాక్టీరియా తగ్గిన చోట కాండిడా అనే శిలీంధ్రం పెరిగితే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది.

మజ్జిగ విషయానికొస్తే, అమాక్సిసిలిన్‌తో అడ్డేమీ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్‌తో కథ వేరు. పాలు, పెరుగు, మజ్జిగల్లోని కాల్షియం కడుపులోనే ఆ మందును పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లదీ అదే పని. టెట్రాసైక్లిన్‌కు ఇది బాగా ఎక్కువ, డాక్సీసైక్లిన్‌కు కొంత తక్కువ. వేడి తగ్గాలని మాత్రను మజ్జిగతోనే మింగినవారికి వేడి సంగతేమో గానీ, మందులో కొంత మాత్రం తగ్గుతుంది. మజ్జిగకు, మాత్రకు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంటే చిక్కు చాలావరకు తీరుతుంది.

డాక్సీసైక్లిన్ గొట్టం మాత్రను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో అతుక్కుని అక్కడే పుండు చేస్తుంది. మింగినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి. ఎండకు చర్మం త్వరగా కమిలేలా కూడా చేస్తుంది. రేణిగుంట ఎండలో రోజంతా పనిచేసే కూలీకి ఇది పుస్తకాల్లోని అరుదైన సంగతి కాదు.

సిప్రో, లీవో వర్గం మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మడమ వెనుక ఉండే పెద్ద స్నాయువు వాచి, అరుదుగా తెగిపోతుంది; 60 దాటినవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ. వీటికి మరో గుణం ఉంది, మధుమేహం ఇంటింటికీ చేరిన మన దగ్గర దాని గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి: రక్తంలో చక్కెరను ఎగదోయగలవు, దిగలాగగలవు. గ్లిమెపిరైడ్ లాంటి చక్కెర మాత్ర వేసుకునే వ్యక్తి లీవోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టాక చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది జ్వరం వల్ల వచ్చిన నీరసం కాకపోవచ్చు. చక్కెర పడిపోయి ఉండవచ్చు. ఈ వర్గంలోని గాటిఫ్లాక్సాసిన్ మాత్రలను, ఇంజెక్షన్లను 2011లో మన దేశంలో నిషేధించడానికి కారణం ఈ చక్కెర గొడవే.

కొన్ని దుష్ప్రభావాలు మందు పనిచేసే తీరులోంచే పుడతాయి. మన కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాకు బ్యాక్టీరియా పోలికలున్న సొంత రైబోజోమ్‌లు ఉన్నాయి. రైబోజోమ్ మందుల్లో కొన్ని వాటినీ తాకుతాయి. లినెజోలిడ్ వారాల తరబడి వాడితే ప్లేట్‌లెట్లు తగ్గడం, నరాలు దెబ్బతినడం కనిపిస్తుంది. జెంటామైసిన్, అమికాసిన్ చెవి లోపలి కణాలను చంపితే ఆ వినికిడి తిరిగి రాదు. మూత్రపిండాలకు తగిలిన దెబ్బ మాత్రం చాలావరకు కోలుకుంటుంది. అందుకే వీటిని వాడుతూ క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ గుండె లయను మార్చగలవు. మామూలు మనిషికి అది లెక్కలోకి రాదు, గుండె జబ్బు ఉండి ఇతర మందులు వాడేవారికి వస్తుంది.

ఇక అలర్జీ. పెన్సిలిన్ పడని మనిషికి నిమిషాల్లో దద్దుర్లు లేచి, గొంతు వాచి, రక్తపోటు పడిపోవడం ప్రాణాంతకం. ఇందులో రెండో మాట లేదు. అయితే "నాకు పెన్సిలిన్ పడదు" అనేవారిలో 90 శాతానికి పైగా మందిలో సరిగా పరీక్షిస్తే అలర్జీ లేదని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చూపాయి. చిన్నప్పుడు వైరస్ జ్వరంలో అమాక్సిసిలిన్ వేసినప్పుడు వచ్చిన దద్దు, అసలు వైరస్ వల్లనే వచ్చి ఉండవచ్చు. కడుపులో తిప్పడం అలర్జీ కాదు. ఈ పొరపాటు ముద్ర పడినవారికి జీవితాంతం సరైన, చవకైన మందు బదులు మరొకటి రాస్తారు.

పాలు ఎందుకు తోడుకోలేదు: నిరోధకత మనుషుల దగ్గరే ఆగదు

బ్యాక్టీరియా తప్పించుకునే దారులు కూడా మందుల దారులంత రకరకాలు. గోడ మందును నరికేసే ఎంజైము తయారు చేసుకోవడం ఒకటి; అమాక్సిసిలిన్‌కు క్లావులానిక్ ఆమ్లం జతచేసేది ఆ ఎంజైమును తనవైపు మళ్లించడానికే. మందును పంపు చేసి బయటికి తోసేయడం, మందు అతుక్కునే భాగం ఆకారాన్నే మార్చుకోవడం మిగతావి. ఈ విద్యలను మోసే చిన్న డీఎన్‌ఏ వలయాలు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి కూడా చేతులు మారతాయి. నిరోధకత వచ్చేది బ్యాక్టీరియాకే, మనిషికి కాదు. అందుకే జీవితంలో ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని మనిషికీ మొండి ఇన్ఫెక్షన్ రావచ్చు. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు నేరుగా ఈ నిరోధకతే కారణమని ఒక పెద్ద అంచనా.

చిత్తూరు వైపు పాడి ఎక్కువ. సంకరజాతి ఆవుకు పొదుగువాపు వస్తే రొమ్ములోకే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. మందును బట్టి కొన్ని రోజుల పాటు ఆ పాలు అమ్మకూడదని నియమం. అమ్మితే ఆ సంగతి ఒక్కోసారి వంటింట్లోనే బయటపడుతుంది: తోడు వేసిన పాలు తోడుకోవు, ఎందుకంటే పాలలో మిగిలిన మందు పెరుగు చేసే బ్యాక్టీరియానే చంపేస్తుంది. మరిగించినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోదు. కోళ్ల మేతలో కలిపే కొలిస్టిన్‌ను 2019 జులైలో కేంద్రం నిషేధించింది; మనుషుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు చివరగా వాడేది అదే.

మందుల దుకాణాల విషయంలో చట్టం ఇప్పటికే ఉంది. యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. అట్ట మీది నిలువు ఎర్రగీత ఆ హెచ్చరికే. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్, మెరోపెనెమ్ వంటివి ఇంకా గట్టిదైన హెచ్1 జాబితాలోకి వచ్చాయి. వాటిని అమ్మినప్పుడు వైద్యుడి పేరు, రోగి పేరు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. అజిత్రోమైసిన్ ఆ రెండో జాబితాలో లేదు.

చీటీ లేని అమ్మకాన్ని పూర్తిగా ఆపాలనేది ఒక వాదన. కేరళ ఆ దిశగా దుకాణాల తనిఖీలు చేపట్టింది కూడా. కుప్పం, పలమనేరు పల్లెల్లో పనిచేసినవారు మరో మాట అంటారు: అర్ధరాత్రి బిడ్డ ఊపిరి ఎగబీలుస్తుంటే దగ్గర్లో ఉన్నది ఆర్‌ఎంపీ, మెడికల్ షాపు మాత్రమే, ఆ తలుపు మూసి ఇంకో తలుపు తెరవకపోతే న్యుమోనియాతో పిల్లలు పోతారు. రెండూ నిజమే. యాంటీబయాటిక్ ఎక్కువగా వాడటం వల్ల, అందక పోవడం వల్ల చనిపోయేవారు ఒకే జిల్లాలో ఉండగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి ఈ మందులను మూడు గుంపులుగా విడదీస్తున్నది: ముందుగా వాడదగినవి, కాపలాతో వాడవలసినవి, దాచి ఉంచవలసినవి. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ మొదటి గుంపు. మన కౌంటర్ల మీద చిల్లరలా చేతులు మారే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, ఆఫ్లాక్సాసిన్ రెండో గుంపు.

కల్చర్ రిపోర్టులో ఎస్, ఐ, ఆర్

నాలుగో ఇంటి గృహిణికి మూత్రం కల్చర్ పరీక్ష, అంటే అందులోని క్రిమిని పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష, చేయించారనుకుందాం. రెండు మూడు రోజులకు రిపోర్టు వస్తుంది: ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది, కింద మందుల పట్టీ. ఎదురుగా ఆర్ అంటే ఆ మందుకు ఈ క్రిమి లొంగదు. ఎస్ అంటే మామూలు మోతాదుకే లొంగుతుంది. ఐ అంటే మధ్యస్థం. మోతాదు పెరిగినప్పుడో, మందు బాగా చేరే అవయవంలోనో పనిచేయవచ్చు. ఆమెకు సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్, నైట్రోఫ్యూరాంటాయిన్ ఎస్, మెరోపెనెమ్ ఎస్.

మెరోపెనెమ్ ఖరీదైనది, ఐసీయూ మందు, కాబట్టి అదే మేలనిపించవచ్చు. ఎస్ అక్షరానికి పెద్ద ఎస్, చిన్న ఎస్ అని లేవు. ఇన్ఫెక్షన్ మూత్రాశయంలోనే ఉండి, జ్వరం లేకుండా మంట మాత్రమే ఉంటే పాత, చవక నైట్రోఫ్యూరాంటాయిన్ అయిదు రోజులు సరిపోతుంది. అది రక్తంలో నిలవకుండా నేరుగా మూత్రంలోకి చేరుతుంది. కానీ మనం ఊహించుకున్న ఆమెకు 102 జ్వరం ఉంది, నడుము పక్కన నొప్పి కూడా ఉందంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకినట్టు. అప్పుడు మూత్రంలో మాత్రమే చేరే ఆ మందు మూత్రపిండం కండలో చాలినంత ఉండదు. ప్రయోగశాల పళ్లెంలో ఆ మందు అదే క్రిమిని చంపింది, రిపోర్టులో ఎస్ అని స్పష్టంగా ఉంది; అయినా వైద్యుడు దాన్ని పక్కనబెట్టి ఇంజెక్షన్ రాస్తాడు.